బ్యాటరీ సెన్సర్ బోర్డులో ఏడీసీ రీడింగ్ కచ్చితంగా రావాలంటే ఏం చేయాలి?

బ్యాటరీతో నడిచే సెన్సర్ బోర్డులో రీడింగ్ తేడాగా వస్తోందనగానే చాలామంది ఇంకా ఎక్కువ బిట్లున్న ఏడీసీ (సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే సర్క్యూట్) కోసం వెతుకుతారు. 10 బిట్లు చాలట్లేదు, 16 బిట్లది కొందాం అంటారు. నేను చూసిన బోర్డుల్లో లోపం బిట్ల దగ్గర ఉన్నవి చాలా తక్కువ. రిఫరెన్స్ వోల్టేజీలోనో, సెన్సర్ పక్కన పెట్టిన రెసిస్టర్‌లోనో, కెపాసిటర్ పూర్తిగా ఛార్జ్ కాకముందే కొలిచేయడంలోనో ఉంటుంది. కరెంటు తగ్గిస్తే కచ్చితత్వం కూడా తగ్గి తీరుతుందన్నది ఇంకో అపోహ. సర్క్యూట్‌ను కొలిచేటప్పుడు మాత్రమే ఆన్ చేసి, ఆ కాసేపూ దానికి కావాల్సినంత కరెంటు, కావాల్సినంత సమయం ఇస్తే రెండూ కలిసే మెరుగవుతాయి. ఒక పని తీసుకుని లెక్కలతో సహా చూద్దాం.

పని ఇదీ. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున ఒక పెట్టె ఉండాలి. పది నిమిషాలకోసారి నీటి ఉష్ణోగ్రత కొలవాలి. 20 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య తేడా పావు డిగ్రీ దాటకూడదు. చిప్ ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్, అంటే ఆర్డుయినో యూనో ఆర్3లో ఉండేదే. యూనో బోర్డు మొత్తం వాడకండి, దాని మీదున్న రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్, ఎల్ఈడీలే బ్యాటరీని తినేస్తాయి. చిప్ ఒక్కటే తీసుకుని 8 మెగాహెర్ట్జ్‌లో, నేరుగా 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ మీద నడపండి. సెన్సర్ ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గేది): 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓంలు, బీటా (నిరోధం నుంచి ఉష్ణోగ్రత లెక్కకట్టే సూత్రంలో వాడే సంఖ్య) 3950. దానికి సిరీస్‌లో ఒక 10 కిలో ఓంల రెసిస్టర్. ఈ రెండూ కలిసి వోల్టేజీని పంచే డివైడర్ అవుతాయి, వాటి మధ్య బిందువును ఏడీసీ కొలుస్తుంది.

1. సోల్డరింగ్‌కి ముందే తప్పుల లెక్క వేయండి

ఒక కాగితం తీసుకుని, రీడింగ్‌ను చెడగొట్టే ప్రతి కారణాన్నీ డిగ్రీల్లోకి మార్చి రాయండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే అక్కర్లేని చోట డబ్బు పోతుంది.

మన థర్మిస్టర్ 30 డిగ్రీల దగ్గర సుమారు 8 కిలో ఓంలు ఉంటుంది. అక్కడ ఒక డిగ్రీకి దాని విలువ 4.3 శాతం మారుతుంది. 10 బిట్ల ఏడీసీలో ఇది దాదాపు 10.9 కౌంట్లు (ఏడీసీ ఇచ్చే అంకెలో ఒక్కో మెట్టు ఒక కౌంట్). అంటే ఒక కౌంట్ 0.09 డిగ్రీ. ఈ చిప్ డేటాషీట్ ప్రకారం ఏడీసీ మొత్తం తేడా సాధారణంగా 2 కౌంట్లు, అంటే 0.18 డిగ్రీ.

ఇప్పుడు రెసిస్టర్ చూడండి. 1 శాతం టాలరెన్స్ ఉన్నది వాడితే, 1ని 4.3తో భాగిస్తే వచ్చేది 0.23 డిగ్రీ. ఏడీసీ చేసే తప్పు కంటే ఇదే ఎక్కువ! థర్మిస్టర్ కూడా 1 శాతానిదైతే మరో 0.23. మీరు 16 బిట్ల చిప్ కొన్నా ఈ రెండింటిలో ఇసుమంత కూడా తగ్గదు. 0.1 శాతం రెసిస్టర్ వాడితే మొదటిది 0.023కి పడిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 1 శాతానివి సులువుగా దొరుకుతాయి, 0.1 శాతానివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలు. కొనేటప్పుడు టెంపరేచర్ కోఎఫిషెంట్ కూడా చూసి, 25 పీపీఎం (డిగ్రీకి పది లక్షల్లో 25 వంతుల మార్పు) లేదా అంతకంటే తక్కువ ఉన్నది తీసుకోండి. గట్టు మీద ఎండలో పెట్టె లోపలి వేడి నీటి వేడికంటే చాలా ఎక్కువ మారుతుంది, ఆ రెసిస్టర్ ఉండేది పెట్టెలోనే.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. థర్మిస్టర్‌లో పారే కరెంటే దాన్ని వేడెక్కిస్తుంది. సెల్ నుంచి ఎప్పుడూ కరెంటు పారుతూ ఉంటే అందులో సుమారు పావు మిల్లీవాట్ ఖర్చవుతుంది. గాలిలో ఉన్న చిన్న థర్మిస్టర్ డిగ్రీకి 2 మిల్లీవాట్లు వదులుతుందనుకుంటే, అసలు ఉష్ణోగ్రత కంటే 0.13 డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. నీళ్లలో ఇది తక్కువ. కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే ఆన్ చేస్తే ఈ తప్పు దాదాపు మాయమవుతుంది. కరెంటు ఆదా చేయడమే ఇక్కడ కచ్చితత్వాన్ని పెంచుతోంది.

2. రిఫరెన్స్ సంగతి తేల్చుకోండి

ఏడీసీ వోల్టేజీని ఒంటరిగా కొలవదు, రిఫరెన్స్‌తో పోల్చి నిష్పత్తి చెబుతుంది. తూకం రాయే తేడాగా ఉంటే తక్కెడ ఎంత మంచిదైనా లాభం లేదు. ఏటీమెగా328పీ లోపలి రిఫరెన్స్‌ను 1.1 వోల్టులని రాస్తారు. డేటాషీట్‌లో చూస్తే అది 1.0 నుంచి 1.2 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే చిప్‌ను బట్టి 1.1కి అటూ ఇటూ 9 శాతం వరకు తేడా. ఈఎస్‌పీ32లోనూ 1100 మిల్లీవోల్టులని పేరు, చిప్‌ను బట్టి 1000 నుంచి 1200 దాకా.

మన పనిలో ఈ గొడవంతా తప్పించుకోవచ్చు. థర్మిస్టర్‌కీ ఏడీసీ రిఫరెన్స్‌కీ ఒకే వోల్టేజీ ఇవ్వండి. ఏడీసీ రిఫరెన్స్‌గా సప్లైని, అంటే ఏవీసీసీని ఎంచుకోండి. డివైడర్‌ను కూడా అదే సప్లై మీద నడపండి. సెల్ 3.4 వోల్టులున్నా 2.9 వోల్టులున్నా రెండూ కలిసే మారతాయి కాబట్టి నిష్పత్తి మారదు. దీన్ని రేషియోమెట్రిక్ కొలత అంటారు. పొటెన్షియోమీటర్, థర్మిస్టర్, లోడ్ సెల్ లాంటి వాటికి ముందుగా ఆలోచించాల్సింది ఇదే. ఖరీదైన రిఫరెన్స్ చిప్ కంటే ఉచితంగా వచ్చే ఈ పద్ధతి మెరుగు.

పీహెచ్ ప్రోబ్ లాగా సొంతంగా వోల్టేజీ పుట్టించే సెన్సర్ అయితే ఈ పద్ధతి పనికిరాదు, అప్పుడు నిజమైన రిఫరెన్స్ కావాలి. ఆర్ఈఎఫ్3325 లాంటిది సుమారు 4 మైక్రోఆంపియర్లతో 2.5 వోల్టులు ఇస్తుంది, డ్రిఫ్ట్ (వేడితో వచ్చే మార్పు) డిగ్రీకి గరిష్ఠంగా 30 పీపీఎం. 40 డిగ్రీల మార్పుకు ఇది 0.12 శాతం. 12 బిట్ల ఏడీసీలో దాదాపు 5 కౌంట్లు. అందుకే రిఫరెన్స్ ఎంచుకునేటప్పుడు మొదటి పేజీలో కనిపించే టాలరెన్స్ కంటే డ్రిఫ్ట్‌నే పట్టించుకోండి. టాలరెన్స్‌ను ఒకసారి కాలిబ్రేట్ చేసి వదిలేయొచ్చు, డ్రిఫ్ట్‌ను అలా వదిలించుకోలేం.

3. రెసిస్టర్ విలువ పెంచి కరెంటు ఆదా చేయకండి

డివైడర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటే 18 కిలో ఓంల మీద 177 మైక్రోఆంపియర్లు పోతాయి. బ్యాటరీ నిలవదు. సరే, 1 మెగా ఓం రెసిస్టర్లు రెండు పెడదాం, 1.6 మైక్రోఆంపియర్లకి తగ్గుతుంది కదా అనిపిస్తుంది. అసలు పాడయ్యేది అక్కడే.

రెండు 1 మెగా ఓంల మధ్య బిందువు దగ్గర ఏడీసీకి కనిపించే సోర్స్ ఇంపీడెన్స్ (ఆ బిందువు వెనకున్న నిరోధం) 500 కిలో ఓంలు. పిన్ లీకేజీ 100 నానోఆంపియర్లనుకోండి. 500 కిలో ఓంల మీద అది 50 మిల్లీవోల్టుల తప్పు, అంటే మన దగ్గర 16 కౌంట్లు. అదీ స్థిరంగా ఉండదు, వేడి పెరిగేకొద్దీ లీకేజీ పెరుగుతుంది. పైగా కోస్తా గాలిలో తేమ ఎక్కువ. సోల్డరింగ్ ఫ్లక్స్ మిగిలిన బోర్డు మీద తేమ పడితే ట్రాక్‌ల మధ్య 100 మెగా ఓంల లీకేజీ ఏర్పడటం పెద్ద వింత కాదు. 500 కిలో ఓంల సోర్స్‌కి అదొక్కటే అర శాతం తప్పు. అదే మన డివైడర్‌లో సోర్స్ ఇంపీడెన్స్ 4.5 కిలో ఓంలే కాబట్టి ఆ లీకేజీలు రెండూ కలిసినా అర కౌంట్ కూడా కదలదు. ఏటీమెగా డేటాషీట్ కూడా 10 కిలో ఓంలు, అంతకంటే తక్కువ సోర్స్‌నే కోరుకుంటుంది.

కాబట్టి రెసిస్టర్లు 10 కిలో ఓంలే ఉంచండి, కరెంటును స్విచ్ చేయండి. డివైడర్ పైకొసను సప్లైకి కాకుండా ఒక డిజిటల్ పిన్‌కి కలపండి. 10 కిలో ఓంల రెసిస్టర్ పిన్ వైపు, థర్మిస్టర్ గ్రౌండ్ వైపు ఉండాలి. కొలిచేటప్పుడు పిన్‌ను హై (సప్లై వోల్టేజీ) చేయండి, మిగతా సమయమంతా లో (సున్నా వోల్టులు) ఉంచండి. పిన్ లోపల కూడా కొన్ని పదుల ఓంల నిరోధం ఉంటుంది. ఈ అమరికలో అది 10 కిలో ఓంల రెసిస్టర్‌కి సిరీస్‌లో కలిసిపోతుంది, అంతే. 30 ఓంలయితే 0.3 శాతం, అంటే 0.07 డిగ్రీ. కాలిబ్రేషన్‌లో అది కూడా పోతుంది.

4. వేచి ఉండాల్సిన సమయం లెక్క కట్టండి

ఏడీసీ పిన్ దగ్గర, గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఏడీసీ లోపల శాంపిల్ తీసుకునే కెపాసిటర్ 14 పికోఫారడ్‌లు. శాంపిల్ తీసే క్షణంలో అది చటుక్కున ఛార్జ్ లాగుతుంది. బయటిది దానికంటే 7 వేల రెట్లు పెద్దది కాబట్టి ఆ కుదుపు తెలియదు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. పిన్ హై చేయగానే ఈ 100 నానోఫారడ్ ఛార్జ్ కావాలి. చలి వైపు, 20 డిగ్రీల దగ్గర, థర్మిస్టర్ 12.5 కిలో ఓంలు ఉంటుంది. సోర్స్ ఇంపీడెన్స్ 5.6 కిలో ఓంలు, టైమ్ కాన్‌స్టెంట్ (ఆ నిరోధాన్ని కెపాసిటర్ విలువతో గుణిస్తే వచ్చే సమయం) 0.56 మిల్లీసెకన్లు. 12 బిట్ల స్థాయిలో అర కౌంట్ లోపు రావాలంటే టైమ్ కాన్‌స్టెంట్‌కి 9 రెట్లు ఆగాలి. అంటే 5 మిల్లీసెకన్లు. మీరు 6 ఆగండి. ఎప్పుడూ చివరి అంచున ఉన్న ఉష్ణోగ్రతకే లెక్క కట్టండి. 30 డిగ్రీల దగ్గర చక్కగా పనిచేసి తెల్లవారుజామున అసలు కంటే ఎక్కువ ఉష్ణోగ్రత చూపించే బోర్డులకి చాలాసార్లు ఇదే కారణం.

మొత్తం ఖర్చు చూద్దాం. 6 మిల్లీసెకన్ల నిరీక్షణ, 20 మిల్లీసెకన్ల కొలత (ఎందుకు 20 అన్నది కింద చెబుతాను), చిప్‌తో కలిపి 5 మిల్లీఆంపియర్లు. పది నిమిషాలకి సగటు తీస్తే 0.22 మైక్రోఆంపియర్లు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఆ రెండు మెగా ఓం రెసిస్టర్లు తినే దాంట్లో ఇది ఏడో వంతు! కాసేపు ధారాళంగా వాడి పూర్తిగా ఆపేయడమే చౌక.

5. ఏడీసీ క్లాక్, మొదటి రీడింగ్

పూర్తి 10 బిట్ల కచ్చితత్వం కావాలంటే ఏడీసీ క్లాక్ 50 నుంచి 200 కిలోహెర్ట్జ్ మధ్య ఉండాలి. 8 మెగాహెర్ట్జ్‌ని 64తో భాగిస్తే 125 కిలోహెర్ట్జ్, సరిపోతుంది. ఒక్కో కన్వర్షన్‌కి 13 క్లాక్‌లు, 104 మైక్రోసెకన్లు. ఏడీసీ ఆన్ చేసిన తర్వాత మొదటిదానికి మాత్రం 25 క్లాక్‌లు. ఆ మొదటి రీడింగ్‌ను పారేయండి. రిఫరెన్స్ మార్చినప్పుడూ, ఛానల్ మార్చినప్పుడూ అంతే.

6. నాయిస్

ఏవీసీసీ పిన్‌కి 10 మైక్రోహెన్రీ ఇండక్టర్, 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, డేటాషీట్ సూచించేది కూడా ఇదే. కెపాసిటర్ పిన్‌కి ఆనుకునే ఉండాలి. ఏరెఫ్ (ఏడీసీ రిఫరెన్స్) పిన్‌కి మరో 100 నానోఫారడ్. గ్రౌండ్‌ను అనలాగ్, డిజిటల్ అని రెండు ముక్కలు చేయకండి. ఇంత చిన్న బోర్డుకి కింద ఒకే అఖండమైన గ్రౌండ్ ప్లేన్ చాలు.

కన్వర్షన్ జరిగేటప్పుడు ప్రాసెసర్ నిద్రలో ఉంటే దాని చప్పుడు ఏడీసీకి చేరదు. దానికోసమే ఈ చిప్‌లో ఏడీసీ నాయిస్ రిడక్షన్ అనే స్లీప్ మోడ్ ఉంది. కన్వర్షన్ అవగానే ఇంటరప్ట్ లేపుతుంది. కరెంటూ ఆదా, రీడింగూ నిలకడ. ఆ నిద్రలో టైమర్0 ఆగిపోతుంది కాబట్టి మిల్లిస్ ఫంక్షన్ మీద ఆధారపడి సమయం లెక్కించకండి.

ఇప్పుడు ఆ 20 మిల్లీసెకన్ల సంగతి. చెరువుల్లో ఏరేటర్ మోటార్లు తిరుగుతుంటాయి. థర్మిస్టర్ వైరు కొన్ని మీటర్లుంటే అది 50 హెర్ట్జ్ హమ్‌ను (కరెంటు లైన్ల నుంచి వచ్చే నాయిస్‌ను) పట్టేస్తుంది. మన 100 నానోఫారడ్ కెపాసిటర్ ఫిల్టర్ చేసేది సుమారు 300 హెర్ట్జ్‌కి పైన, 50 హెర్ట్జ్‌ను అది ఆపలేదు. కెపాసిటర్ పెంచితే నిరీక్షణ పెరుగుతుంది. అందుకని 16 రీడింగ్‌లను 1.25 మిల్లీసెకన్లకొకటి చొప్పున తీయండి. 16 కలిపితే సరిగ్గా 20 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్‌లో ఒక పూర్తి ఆవృత్తి. పై సగం, కింది సగం ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగటులో హమ్ పోతుంది. చిప్ లోపలి ఆసిలేటర్ 5 శాతం తప్పినా హమ్ ఇరవయ్యో వంతుకి పడిపోతుంది. అదే 16 రీడింగ్‌లను వెంట వెంటనే తీస్తే 2 మిల్లీసెకన్లలో అయిపోతాయి, హమ్ అలాగే ఉంటుంది. చాలామంది సగటు తీసి కూడా ఫలితం దక్కించుకోలేనిది ఇందుకే. రెండు వైర్లనూ మెలిపెట్టి తీసుకెళ్లడం మరవకండి.

ఆ 16 రీడింగ్‌ల మొత్తాన్ని 16తో కాకుండా 4తో భాగిస్తే 12 బిట్ల ఫలితం వస్తుంది. ఒక్కో అదనపు బిట్‌కి 4 రెట్ల శాంపిల్స్ కావాలి, రెండు బిట్లకి 16. ఒక కౌంట్ 0.09 నుంచి 0.023 డిగ్రీకి దిగుతుంది. దీనికి రీడింగ్‌లో కనీసం అర కౌంట్ నాయిస్ ఉండాలి. 16 రీడింగ్‌లూ ఒకేలా వస్తే సగటు తీసి లాభం లేదు. ఇంకొకటి, దీనితో పెరిగేది రిజల్యూషన్. రెసిస్టర్ తప్పు, ఏడీసీ ఆఫ్‌సెట్ (ప్రతి రీడింగ్‌లో ఒకేలా ఉండే తేడా) అలాగే ఉంటాయి. వాటి కోసం 8వ అడుగు ఉంది.

7. బ్యాటరీ వోల్టేజీకి డివైడరే వద్దు

సప్లైని రిఫరెన్స్‌గా పెట్టి, లోపలి 1.1 వోల్టులను ఇన్‌పుట్ ఛానల్‌గా ఎంచుకుని కొలవండి. 1.1ని 1024తో గుణించి వచ్చిన కౌంట్‌తో భాగిస్తే సెల్ వోల్టేజీ. బయట ఒక్క పార్ట్ కూడా అక్కర్లేదు. ఆ 1.1 అసలు విలువను మీ చిప్‌కి ఒకసారి మల్టీమీటర్‌తో సరిచూసి ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) దాచుకోండి.

నిద్రకి ముందు ఏడీసీని తప్పకుండా ఆపండి, అంటే ఏడీఈఎన్ బిట్ సున్నా. మరిచిపోతే పవర్‌డౌన్ అనే గాఢ నిద్రలో కూడా వంద మైక్రోఆంపియర్లకి పైగా పోతూనే ఉంటుంది, ఇప్పటిదాకా చేసిన ఆదా అంతా బూడిదలో పోసిన పన్నీరే. అనలాగ్ పిన్ల డిజిటల్ బఫర్‌లను డీఐడీఆర్0 రిజిస్టర్‌తో ఆపేయండి. సగం వోల్టేజీ దగ్గర నిలిచిన పిన్, ఆ బఫర్ ద్వారా ఊరికే కరెంటు లాగుతుంది.

8. కాలిబ్రేషన్

ముందు ఎలక్ట్రికల్ కాలిబ్రేషన్. థర్మిస్టర్ తీసేసి దాని స్థానంలో 0.1 శాతం 12 కిలో ఓంల రెసిస్టర్ పెట్టండి. 12 బిట్లలో 2234 రావాలి. తర్వాత 5.6 కిలో ఓంలు పెట్టండి, 1470 రావాలి. ఇవి మన పరిధికి దాదాపు రెండు కొసలు. మీకు 2238, 1474 వచ్చాయనుకోండి. రెండు చోట్లా 4 ఎక్కువ, కాబట్టి అది ఆఫ్‌సెట్. ప్రతి రీడింగ్‌లోంచి 4 తీసేయండి. 2231, 1467 వస్తే ఆఫ్‌సెట్ అని తొందరపడకండి. పిన్‌లోని 30 ఓంలు సరిగ్గా ఇదే ఫలితం ఇస్తాయి. కౌంట్ నుంచి థర్మిస్టర్ నిరోధం లెక్కకట్టే సూత్రంలో సిరీస్ రెసిస్టర్ విలువ 10,000కి బదులు 10,030 పెడితే రెండూ సరిపోతాయి. ఏది నిజమో తేల్చాలంటే మూడో బిందువు కావాలి. థర్మిస్టర్ స్థానంలో ఒక చిన్న వైరు ముక్క పెట్టి ఏడీసీ పిన్‌ను గ్రౌండ్ చేయండి. డిజిటల్ పిన్ నిరోధం ప్రభావం అక్కడ ఉండదు, సున్నా కంటే పైకి ఏదైనా వస్తే అది ఆఫ్‌సెట్. అయితే ఆఫ్‌సెట్ కిందికి ఉంటే సున్నా దగ్గర కనపడదు. అప్పుడు 100 ఓంలు పెట్టి చూడండి, 40 లేదా 41 రావాలి.

ఆ తర్వాత థర్మిస్టర్‌తో కలిపి నీళ్లలో. ఐస్ నీళ్లు సున్నా డిగ్రీలని కచ్చితంగా తెలుసు కాబట్టి చాలామంది అక్కడే సరిచూస్తారు. మన పరిధి 20 నుంచి 40. బీటా సూత్రం అంత దూరంలో సున్నా దగ్గర తప్పుతుంది, అక్కడ సరిచేస్తే 30 దగ్గర చెడుతుంది. నమ్మకమైన ల్యాబ్ థర్మామీటర్ ఒకటి సంపాదించి, బకెట్‌లో 22 డిగ్రీల నీళ్లు, మరోదాంట్లో 38 డిగ్రీల నీళ్లు తీసుకోండి. రెండు సెన్సర్లనూ పక్కపక్కనే కట్టి, నీటిని కలుపుతూనే ఉండండి. కలపని బకెట్‌లో పైకీ కిందకీ అర డిగ్రీ తేడా సులువుగా ఉంటుంది, మీరు సాధించాలనుకున్నదేమో పావు డిగ్రీ.

9. చివరి పరీక్ష

12 కిలో ఓంల రెసిస్టర్ మళ్లీ పెట్టి, 1000 సార్లు కొలవండి. బోర్డుకి యూఎస్‌బీ వైరు ఉండకూడదు, ల్యాప్‌టాప్ ఛార్జర్ నాయిస్ అందులోంచే వస్తుంది. సెల్ మీదే నడపండి. ఈ చిప్‌లో ర్యామ్ 2 కిలోబైట్లే, 1000 రీడింగ్‌లు దాచడానికి చోటుండదు. ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క మాత్రం ఒక చిన్న అరేలో పెట్టుకుని, అయ్యాక సీరియల్ వైరు తగిలించి చదవండి. విలువలు ఒక కుప్పగా, నాలుగైదు కౌంట్ల వెడల్పులో ఉంటే బాగుంది. రెండు కుప్పలుగా చీలితే హమ్, లేదా ఏదో డిజిటల్ పిన్ కన్వర్షన్ మధ్యలో మారుతోంది. ఒకవైపు తోకలా సాగితే 4వ అడుగులోని నిరీక్షణ చాలలేదు, 6 మిల్లీసెకన్లను 12 చేసి మళ్లీ చూడండి. తోక పోతే మీ కెపాసిటర్ మీరనుకున్న దానికంటే పెద్దది.

ఇదే పరీక్ష బోర్డును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి, ఎండలో పెట్టి ఒకసారి చేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన బోర్డు మీద తేమ పడుతుంది, అది ఆరేదాకా ఆగాలా వద్దా అని చూడకుండా తేమతోనే ఒక రీడింగ్ తీసుకోండి, చెరువు గట్టున దాని పరిస్థితి అదే. ఆ రీడింగ్ 2 కౌంట్ల కంటే ఎక్కువ కదిలితే బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఫ్లక్స్ పోగొట్టి, పూర్తిగా ఆరాక కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పూత) స్ప్రే చేసి, 12 కిలో ఓంలతో మళ్లీ కొలవండి.